ఇంటి పన్ను: అద్దె లెక్క పోయి ఆస్తి విలువ లెక్క వచ్చాక తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటి పన్ను కట్టే పద్ధతి 2021 ఏప్రిల్ 1 నుంచి మారింది. ఏళ్లు గడిచినా నోటీసు చేతికొచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు. మా అపార్ట్‌మెంటు సంఘం జమాఖర్చులు నేనే చూస్తుంటాను కాబట్టి పై అంతస్తు వాళ్లూ, పక్క వీధి వాళ్లూ నోటీసు పట్టుకుని మా ఇంటికే వస్తారు. అలా వచ్చిన ప్రశ్నలకు నేను చెప్పే జవాబులు ఇవి. మున్సిపాలిటీ కరపత్రంలో ఉండే భాష ఇందులో ఉండదు. నా అభిప్రాయాలు అక్కడక్కడా దొర్లుతాయి.

అసలు మారింది ఏమిటి?

పన్ను దేని మీద వేస్తారన్నది మారింది. పాత పద్ధతిలో మీ ఇంటిని అద్దెకిస్తే ఏడాదికి ఎంతొస్తుందని అంచనా కట్టి, అందులో ఇంత శాతం అని పన్ను వేసేవారు. దాన్ని వార్షిక అద్దె విలువ అనేవారు. ఇప్పుడు స్థలం ఖరీదు, కట్టడం ఖరీదు కలిపి మొత్తం ఆస్తి విలువ ఎంతో చూసి, అందులో చిన్న శాతం పన్నుగా వేస్తున్నారు. కాగితాల్లో దీన్ని మూలధన విలువ అంటారు. 2020 చివర్లో మున్సిపల్ చట్టాలను సవరించారు. లెక్క ఎలా కట్టాలన్న నిబంధనలు 2020 నవంబరు 24 నాటి జీవో 198తో వచ్చాయి.

అద్దె విలువ అంటే మా ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఇచ్చే అద్దేనా?

కాదు. చాలామంది ఇక్కడే పొరబడ్డారు. బిల్ కలెక్టర్ వస్తున్నాడంటే అద్దె తక్కువ చెప్పమని అద్దెకున్నవాళ్లకు నేర్పిన ఇంటివాళ్లు నాకు తెలుసు. ఆ అబద్ధం వల్ల వాళ్లకు ఒరిగిందేమీ లేదు. పట్టణాన్ని జోన్లుగా విడగొట్టి, ఏ రకం కట్టడానికి నెలకు ఎంత అద్దె అన్నది మున్సిపాలిటీయే ముందుగా ప్రకటించేది. 1990 నాటి పన్ను మదింపు నిబంధనల్లో ఈ ఏర్పాటు ఉంది. పెంకుటిల్లా, స్లాబు ఇల్లా, ఏ జోన్, ఎంత వైశాల్యం అన్నవి చూసేవారు తప్ప మీ అద్దె ఒప్పందం ఎవరూ చూసేవారు కాదు.

దీని వెనక మన గుంటూరు కథ ఒకటుంది. గుంటూరు మున్సిపల్ కౌన్సిల్‌కూ, అక్కడి పన్ను చెల్లింపుదారుల సంఘానికీ నడిచిన తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1971 లా రిపోర్టుల్లో ఆ తీర్పు కనిపిస్తుంది. అద్దె నియంత్రణ చట్టం ప్రకారం న్యాయమైన అద్దె ఎంతో, పన్ను లెక్కకూ అంతే చూడాలి, మార్కెట్లో ఎంత పలుకుతుందన్నది చూడకూడదు అని అందులో చెప్పారు. ఆ తర్వాత ఢిల్లీ కేసుల్లోనూ సుప్రీంకోర్టు ఇదే దారిలో నడిచింది. ఇళ్లలో ఉన్నవాళ్లకు అది గెలుపే. మున్సిపాలిటీలకు మాత్రం చేతులు కట్టేసినట్టయింది. అద్దె నియంత్రణ చట్టం నాటి అద్దెలు పెరగవు, కాబట్టి పన్నూ పెరగదు. దేశమంతా నగరాలు ఒక్కొక్కటే అద్దె లెక్క నుంచి బయటపడడానికి దారులు వెతికాయంటే ఒక పెద్ద కారణం ఇదే.

పాత పద్ధతి బాగానే ఉంది కదా, ఎందుకు మార్చారు?

బాగానే ఉందని అనిపించడానికి కారణం అది పెరక్కపోవడమే. అయిదేళ్లకోసారి అద్దె విలువలు సవరించాలి. మన దగ్గర నివాస భవనాలకు 2002 తర్వాత, దుకాణాలూ ఆఫీసుల వంటి వాటికి 2007 తర్వాత సాధారణ సవరణే జరగలేదు. ఎన్నికల ముందు పన్ను పెంచడానికి ఎవరికీ మనసొప్పదు, ఎన్నికలయ్యాక ఎవరికీ గుర్తుండదు. దాంతో 2002లో కట్టిన ఇంటికీ, 2018లో పక్కనే కట్టిన ఇంటికీ ఏ ప్రాతిపదికన పన్ను తేలిందో ఎవరూ చెప్పలేని పరిస్థితి వచ్చింది.

మార్చిన సమయానికి మాత్రం వేరే కారణం ఉంది. కరోనా ఏడాదిలో రాష్ట్రాల ఆదాయం పడిపోతే, కేంద్రం 2020 మేలో అప్పు పరిమితిని రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచింది. అందులో కొంత భాగానికి సంస్కరణల షరతు పెట్టింది. పట్టణాల్లో ఆస్తి పన్ను కనీస రేట్లను రిజిస్ట్రేషన్ విలువలకు అనుగుణంగా ప్రకటించడం ఆ షరతుల్లో ఒకటి. ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్ మిగతా రాష్ట్రాలకంటే ముందు దాన్ని పూర్తిచేశాయి. అందుకు 2021 జనవరిలో మన రాష్ట్రానికి 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకు అనుమతి వచ్చింది. పదిహేనో ఆర్థిక సంఘం కూడా పట్టణ స్థానిక సంస్థల గ్రాంట్లకు ఇలాంటి షరతే పెట్టింది.

నన్నడిగితే, మార్పు అవసరమే. జనం ఆదాయాలు కుదేలైన ఏడాదిలో, అప్పు కోసం హడావిడిగా చేయడం వల్ల జనానికి అది సంస్కరణలా కాకుండా బాదుడులా కనిపించింది. విశాఖలోనూ విజయవాడలోనూ పన్ను చెల్లింపుదారుల సంఘాలు రోడ్డెక్కింది అందుకే.

ఆస్తి విలువ ఎలా లెక్కిస్తారు? ఒక ఉదాహరణ చెప్పండి.

రెండు ముక్కలు. స్థలం విలువకు రిజిస్ట్రేషన్ల శాఖ మార్కెట్ విలువల పుస్తకంలో మీ వార్డుకు, మీ డోర్ నంబరుకు గజం ఎంతని ఉందో అది తీసుకుంటారు. కట్టడం విలువకు ఏ రకం కట్టడమో, చదరపు అడుగు ఎంతో చూసి, ఇల్లు పాతబడ్డ కొద్దీ తరుగుదల తీసేస్తారు. రెండూ కలిపితే ఆస్తి విలువ.

అంకెల్లో పెట్టి చూద్దాం. ఇవన్నీ లెక్క అర్థం కావడానికి నేను అనుకున్న అంకెలే, మీ ఊరివి కావు. 150 గజాల స్థలం, గజం 12,000 రూపాయలు: స్థలం విలువ 18 లక్షలు. 1,000 చదరపు అడుగుల స్లాబు ఇల్లు, అడుగు 1,000 రూపాయలు: 10 లక్షలు. తరుగుదల 20 శాతం తీసేస్తే 8 లక్షలు. మొత్తం 26 లక్షలు. పన్ను రేటు 0.15 శాతం అనుకుంటే ఏడాదికి 3,900 రూపాయలు.

ఇదే ఇంటికి పాత లెక్క వేద్దాం. అడుగుకు నెలకు 1 రూపాయి చొప్పున ఏడాదికి 12,000 అద్దె విలువ. సొంతదారే ఉంటున్న ఇంటికి పాత చట్టంలో 40 శాతం తగ్గింపు ఉండేది, అది పోగా 7,200. దాని మీద 25 శాతం వేస్తే 1,800.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుంటే ఒక సంగతి తెలుస్తుంది. పాత లెక్కలో స్థలం అనే మాటే లేదు. కొత్త లెక్కలో 26 లక్షల్లో 18 లక్షలు స్థలానివే. ఇల్లు ఏటేటా పాతబడి దాని విలువ తగ్గుతుంటే, కింద ఉన్న నేల విలువ పెరుగుతూ పోతుంది. కొత్త పద్ధతి పన్నును నేలకు ముడిపెట్టిందన్న మాట.

రేటు 25 శాతం నుంచి 0.15 శాతానికి వచ్చిందంటే పన్ను బాగా తగ్గినట్టే కదా?

లేదు. అప్పటి 25 శాతం ఏడాది అద్దె మీద, ఇప్పటి 0.15 శాతం ఆస్తి మొత్తం ఖరీదు మీద. పైన చూశారుగా, 7,200 మీద పావు వంతు కంటే 26 లక్షల మీద ఆ చిటికెడే ఎక్కువైంది.

రేటు ఎవరు నిర్ణయిస్తారు?

హద్దులు రాష్ట్ర ప్రభుత్వం పెట్టింది. నివాస భవనాలకు ఆస్తి విలువ మీద 0.10 నుంచి 0.50 శాతం. నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం. ఈ హద్దుల మధ్య ఎంతన్నది మీ మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్ నిర్ణయిస్తుంది. అందుకే పక్క ఊళ్లో మీ బావమరిది ఇంటికి వేసిన రేటుతో మీ రేటు పోల్చుకుని లాభం లేదు. సొంతదారు ఉంటున్న 375 చదరపు అడుగుల లోపు ఇంటికి మాత్రం ఏడాదికి 50 రూపాయలే.

కౌన్సిల్ రేటు ఖరారు చేసే ముందు ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు అడుగుతారు. ఆ ప్రకటన పేపర్లో ఓ మూల చిన్న అక్షరాల్లో వస్తుంది. మనం పెళ్లిళ్ల ప్రకటనలు చదివినంత శ్రద్ధగా దాన్ని చదవం.

ఏడాదికి 15 శాతం కంటే పెంచరని విన్నాను. నిజమేనా?

నిజమే. కొత్త లెక్కలో పన్ను ఎంత తేలినా, కిందటి ఏడాది కట్టినదాని మీద 15 శాతానికి మించి పెంచరాదన్న పరిమితి ఉంది. మన ఉదాహరణలోని ఇంటాయన మొదటి ఏడాది 3,900 కట్టనక్కర్లేదు. పాతది 1,800 కాబట్టి మొదటి ఏడాది 2,070. తర్వాత 2,380, ఆ పైన 2,738, నాలుగో ఏడాది 3,148, అయిదో ఏడాది 3,620, ఆరో ఏడాది 3,900. అక్కడితో ఆగుతుంది, ఈలోపు ఆస్తి విలువ మారకపోతే.

"పదిహేను శాతమేగా" అని తేలిగ్గా తీసుకోకండి. ఏటా 15 శాతం చొప్పున అయిదేళ్లు పెరిగితే రెట్టింపవుతుంది. ఉన్నట్టుండి బాదకుండా కాపాడడం వరకే ఈ పరిమితి పని.

పరిమితికి ఇంకో ముఖం కూడా ఉంది. పాత లెక్కలో ఎవరికి అన్యాయంగా తక్కువ పడిందో, వాళ్లకు ఆ లాభం ఇంకా చాలా ఏళ్లు సాగుతుంది. కొత్తగా కట్టుకున్న ఇంటికి పాత పన్నే లేదు కాబట్టి మొదటి ఏడాదే పూర్తి లెక్క పడుతుంది. ఒకే వీధిలో, ఒకే కొలతలో ఉన్న రెండిళ్లకు రెండు రకాల పన్ను ఎందుకని అడిగేవాళ్లకు జవాబు ఇదే. అమెరికాలో కాలిఫోర్నియా 1978లో ప్రజల ఓటుతో ఇలాంటి పరిమితే పెట్టుకుంది. ఆస్తి విలువ పెంపు ఏడాదికి 2 శాతం దాటకూడదు, ఆస్తి చేతులు మారినప్పుడే కొత్త విలువ కట్టాలి. పాత కాపులకు పండగే అయింది, కొత్తగా కొన్నవాళ్లు పక్కింటివాళ్లకంటే ఎన్నో రెట్లు కట్టాల్సి వచ్చింది. అమెరికా సుప్రీంకోర్టు 1992లో దాన్ని సమర్థించింది కూడా. ఎంత గట్టి పరిమితి పెడితే ఇరుగుపొరుగు మధ్య తేడా అంత పెరుగుతుంది. మన 15 శాతం ఆ రకంగా చూస్తే కాస్త నయం. ఆరేడేళ్లలో చాలా ఇళ్లు అసలు లెక్కకు చేరిపోతాయి.

రిజిస్ట్రేషన్ విలువలు పెంచినప్పుడల్లా ఇంటి పన్ను కూడా పెరుగుతుందా?

రెండింటికీ ఇప్పుడు ముడి పడింది కాబట్టి ఆ ఒత్తిడి ఉంటుంది. కొత్త పద్ధతిలో నాకు నచ్చనిది ఇదే. రిజిస్ట్రేషన్ విలువలు స్టాంపు డ్యూటీ కోసం పుట్టినవి. ఆ విలువ పెరిగితే ఇల్లు అమ్మేవాడికీ కొనేవాడికీ బాధ, జీవితంలో ఒకటి రెండు సార్లు. అదే విలువను ఇంటి పన్నుకు తగిలిస్తే, ఇల్లు అమ్మే ఉద్దేశమే లేనివాడికి ఏటా బాధ. రాష్ట్రంలో 2025 ఫిబ్రవరి 1న మార్కెట్ విలువలు సవరించినప్పుడు మా మెట్ల దగ్గర జరిగిన చర్చంతా ఇదే.

15 శాతం పరిమితి ఇక్కడా కాపాడుతుంది. కాబట్టి గజం విలువ ఒక్కసారిగా రెట్టింపయినా ఆ ఏడాదే పన్ను రెట్టింపు కాదు.

అపార్ట్‌మెంట్లకు మేలా, విడి ఇళ్లకు మేలా?

మొత్తమ్మీద అపార్ట్‌మెంట్లకే. కారణం చెప్పాను కదా, స్థలం. అపార్ట్‌మెంటులో 1,000 అడుగుల ఫ్లాటుకు అవిభక్త వాటా, అంటే ఉమ్మడి స్థలంలో ఆ ఫ్లాటు వంతు, 30, 40 గజాలుంటే ఎక్కువ. విడి ఇంట్లో అదే 1,000 అడుగుల కట్టడం కింద 150, 200 గజాల నేల ఉంటుంది. పాత లెక్కలో రెండింటికీ దరిదాపుగా ఒకటే అద్దె విలువ పడేది. ఇప్పుడు నేల ఎక్కువున్నవాడి మీద భారం ఎక్కువ.

మాది పాత ఊళ్లో మా నాన్నగారి ఇల్లు. పెన్షన్ తప్ప వేరే ఆదాయం లేదు. మాకు ఏమైనా మినహాయింపు ఉందా?

మీ ఆదాయం ఎంతన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు. ఆస్తి విలువ లెక్కను సమర్థించేవాళ్లు కూడా ఈ చోట నీళ్లు నమలాల్సిందే. మెయిన్ రోడ్డు వెనక సందులో పెంకుటిల్లు, ముందు వేపచెట్టు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు. రోడ్డు మీద నాలుగంతస్తుల వస్త్ర దుకాణం వెలిసిందని ఆ సందులో గజం విలువ పెరిగింది. వీళ్ల పెంకులేమీ బంగారం కాలేదు. కాగితం మీద మాత్రం వీళ్లు ధనవంతులు.

కొన్ని దేశాల్లో ఇలాంటి పెద్దవాళ్లకు పన్ను వాయిదా వేసి, ఇల్లు అమ్మినప్పుడో వారసులకు వెళ్లినప్పుడో వసూలు చేసే ఏర్పాటు ఉంది. మన దగ్గరా అలాంటిది పెడితే ఈ పద్ధతి మీద సగం కోపం చల్లారుతుందని నా నమ్మకం.

చేతనైన పని ఒకటుంది. ఇల్లు ఎప్పుడు కట్టారన్నది రికార్డులో సరిగ్గా పడిందో లేదో చూడండి. 1960ల నాటి ఇంటికి తరుగుదల తక్కువ వేస్తే అది మీ నష్టం. అలాగే పెంకుటింటిని పొరబాటున స్లాబు కట్టడంగా రాసి ఉన్నారేమో చూసుకోండి.

నోటీసులో అన్నిటికంటే ముందు ఏం చూడాలి?

కొలత. ఆ తర్వాత డోర్ నంబరు, కట్టడం రకం, కట్టిన సంవత్సరం, వాడకం. రేటు అన్నిటికంటే చివర, ఎందుకంటే దాన్ని మీరొక్కరే మార్చలేరు. మిగతావి మార్చగలరు. రేటు గురించి టీవీ చర్చలు చూసి ఆవేశపడేవాళ్లలో నూటికి తొంభై మంది నోటీసులో తమ ఇంటి వైశాల్యం ఎంత రాశారో చెప్పలేరు.

మా బిల్డింగ్‌లో జరిగింది చెప్తాను. రెండో అంతస్తు మేష్టారికి నోటీసు వచ్చింది, పక్క ఫ్లాటు కంటే 600 రూపాయలు ఎక్కువ. రెండూ ఒకే కొలత, అద్దంలో చూసుకున్నట్టు ఎదురెదురు. ఆయన రేటు మీద అర్జీ రాయబోతుంటే ఆపి, టేపు తీసుకుని వెళ్లాను. ఆయన టేపు చివర గోడకు నొక్కి పట్టుకుంటే నేను అంకెలు రాసుకున్నాను. హాలు, రెండు గదులు, వంటిల్లు, బాల్కనీ. చివరికి తేలింది ఏమిటంటే, మేడ మీద ఉమ్మడి నీళ్ల ట్యాంకు గది ఆయన పేరున ఎక్కింది. ఎప్పుడో కొలతకొచ్చిన ఉద్యోగి మేడ తాళం మేష్టారి దగ్గర ఉందని ఆ గది ఆయనదే అనుకున్నాడు. తాళం దగ్గర పెట్టుకున్నందుకు ఆరేళ్లు పన్ను కట్టారన్న మాట. దిద్దించుకోవడానికి ఆఫీసు చుట్టూ నాలుగు సార్లు తిరిగాం. నాలుగోసారి వెళ్లిన రోజు పని పావుగంటలో అయింది. మొదటి మూడు సార్లూ మా ఫైలు ఏ బల్ల మీద ఉందో వెతకడంతోనే సరిపోయింది.

మీరు కొలిచేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. బిల్డరు కరపత్రంలోని కార్పెట్ ఏరియా, పన్ను లెక్కలోని ప్లింత్ ఏరియా ఒకటి కావు. ప్లింత్ ఏరియాలో గోడల మందం కలుస్తుంది. గది లోపల టేపు పట్టి "తక్కువ వచ్చింది" అని పోట్లాటకు వెళితే వాళ్లు నవ్వి పంపేస్తారు.

డోర్ నంబరు సంగతి కూడా తేలిక కాదు. రిజిస్ట్రేషన్ శాఖ విలువలు వార్డు, బ్లాకు, డోర్ నంబర్ల వారీగా ఉంటాయి. మెయిన్ రోడ్డు వైపు ఉన్న నంబర్లకు ఒక ధర, లోపలి సందుకు ఇంకో ధర. పాత నంబర్లు మార్చి కొత్తవి ఇచ్చిన చోట్ల సందులో ఇల్లు రోడ్డు ధరలో పడడం మామూలే. ఆ శాఖ వెబ్‌సైట్‌లో మీ నంబరు కొట్టి, గజం విలువ ఎంత చూపిస్తుందో నోటీసు పక్కన పెట్టి సరిచూసుకోండి.

ఇంటి ముందు గదిలో చిన్న కిరాణా కొట్టు ఉంది. ఇల్లంతా నివాసేతరం అవుతుందా?

కొట్టున్న భాగం వరకే నివాసేతర రేటు పడాలి. ఏ భాగం ఎంతో కొలత వేయించి విడిగా రాయించుకోండి. ఇల్లు మొత్తం కొట్టు కింద రాసేసిన నోటీసులు నేను చూశాను. కొట్టు మూసేసి ఏళ్లయినా రికార్డులో నడుస్తున్నవీ చూశాను. మూసినప్పుడు చెప్పాల్సిన బాధ్యత మనదే.

ప్లాను లేకుండా పై అంతస్తు వేశాం. పన్ను కడుతున్నాం కదా, అది సక్రమమైనట్టేనా?

కాదు. అక్రమ కట్టడానికి కూడా పన్ను వేస్తారు, పైగా అతిక్రమణను బట్టి 25 శాతం నుంచి 100 శాతం దాకా అదనంగా వేస్తారు. ఆ అదనం ఏటా కట్టాలి, ఒకసారి కట్టి వదిలించుకునేది కాదు. పన్ను కట్టిన రసీదు చూపించి కూల్చివేత ఆపలేరు.

లెక్క తప్పని తేలితే ఎవరికి చెప్పాలి?

ముందు వార్డు సచివాలయంలో అడగండి, అక్కడి అడ్మినిస్ట్రేటివ్ కార్యదర్శి పన్నుల పని చూస్తారు. తర్వాత రెవెన్యూ విభాగంలో, కమిషనర్ పేరున రివిజన్ అర్జీ. గడువు నోటీసు మీదే ఉంటుంది. అది దాటితే ఎంత న్యాయం మీ వైపున్నా ఆ ఏటికి చేయగలిగిందేమీ ఉండదు. కాబట్టి నోటీసు ఏ తేదీన చేతికొచ్చిందో దాని మీదే పెన్నుతో రాసి పెట్టుకోండి.

అర్జీలో ఆవేదన తక్కువ, అంకెలు ఎక్కువ ఉండాలి. "పన్ను చాలా ఎక్కువగా ఉంది, దయచేసి తగ్గించగలరు" అన్న అర్జీకి జవాబివ్వడానికి ఏమీ ఉండదు. "నోటీసులో 1,240 చదరపు అడుగులు అని ఉంది, మంజూరైన ప్లానులో 1,080 ఉంది, ప్లాను నకలు జతచేశాను" అన్నదానికి ఉద్యోగి కదలక తప్పదు. జతచేయాల్సినవి ప్లాను నకలు, దస్తావేజు నకలు, కిందటి రసీదు. అర్జీ ఇచ్చినట్టు ముద్ర వేసిన నకలు తీసుకోకుండా బయటికి రావద్దు.

అర్జీ పెట్టాక తీర్పు వచ్చేదాకా పన్ను కట్టకుండా ఆగవచ్చా?

ఆగకండి. బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి 24 శాతం. ఏ బ్యాంకూ ఇంటి రుణానికి అంత వసూలు చేయదు. కట్టేసి కొట్లాడండి, తగ్గిస్తే తర్వాతి డిమాండులో సర్దమని అడగండి.

కట్టడానికి మంచి సమయం ఏది?

ఏప్రిల్. పన్ను ఆరు నెలలకోసారి, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకొకటి. ఏడాది మొత్తం ఏప్రిల్ నెలాఖరులోపు కడితే 5 శాతం తగ్గింపు ఇస్తారు. మరో వైపు, కొన్నేళ్లు మార్చి నెలలో మొండి బకాయిలకు వడ్డీలో రాయితీ కూడా ప్రకటిస్తుంటారు. వేళకు కట్టినవాడికి 5 శాతం, ఏళ్ల తరబడి ఎగ్గొట్టినవాడికి వడ్డీ మాఫీ. దీని గురించి ఇంతకంటే రాస్తే మర్యాదగా ఉండదు.

ఖాళీ స్థలానికి కూడా ఇదే లెక్కా?

ఖాళీ స్థలం పన్ను ముందునుంచీ విలువ మీదే ఉంది, ఇల్లే లేనప్పుడు అద్దె ఎక్కడిది? కొనుక్కుని వదిలేసిన స్థలాలకు చాలామంది మదింపే చేయించుకోరు. ఇల్లు కట్టడానికి ప్లాను పెట్టిన రోజున పాత బకాయిలన్నీ ఒక్కసారి బయటపడతాయి.

పన్నుతోపాటు వచ్చిన చెత్త పన్ను కూడా ఇందులో భాగమేనా?

కాదు, అది విడిగా వేసిన వినియోగ రుసుము. 2021లో వచ్చింది, 2024లో ప్రభుత్వం రద్దు చేసింది.

తెలంగాణలో ఎలా ఉంది? మా అమ్మాయి ఇల్లు హైదరాబాద్‌లో.

అక్కడి నగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీ పద్ధతి అద్దె విలువ మీదే నడిచింది. చదరపు అడుగుకు నెల అద్దె ఎంతో ప్రాంతాల వారీగా పెట్టి, పన్నెండు నెలలకు గుణించి, ఇంటి వయసును బట్టి 25 ఏళ్ల లోపుకు 10, 40 ఏళ్ల లోపుకు 20, ఆపైన 30 శాతం తగ్గిస్తారు. దాని మీద శ్లాబులు: అద్దె విలువ ఏడాదికి 600 దాటితే 17 శాతం, 1,200 దాటితే 19, 2,400 దాటితే 22, 3,600 దాటితే 30. పైన గ్రంథాలయ సెస్సు. ఏడాదికి 3,600 అంటే నెలకు 300 రూపాయల అద్దె. హైదరాబాద్‌లో నెలకు 300కి స్కూటరు పెట్టుకునే చోటు కూడా దొరకదు. అంటే పేరుకు నాలుగు శ్లాబులున్నా దాదాపు అందరూ చివరి శ్లాబులోనే.

మిగతా నగరాలు తలో దారి పట్టాయి. ఢిల్లీ 2004లో, బెంగళూరు 2008లో వైశాల్యానికి యూనిట్ ధర పెట్టి లెక్కించే పద్ధతికి వెళ్లాయి. ముంబై 2010లో మనలాగే ఆస్తి విలువకు మారింది. అక్కడ ఒక చిక్కొచ్చింది. ఆ స్థలంలో రేపు ఇంకెన్ని అంతస్తులు కట్టవచ్చో ఆ అవకాశాన్ని కూడా ఇవాళ్టి విలువలో కలిపారు. సుప్రీంకోర్టు 2022 నవంబరులో పద్ధతిని తప్పుపట్టలేదు గానీ, ఉన్న ఆస్తిని ఉన్నట్టుగానే చూడాలి, రేపటి అవకాశాలకు ఇవాళ పన్ను వేయకూడదని ఆ నిబంధనలను కొట్టేసింది. మీ పెంకుటింటి స్థలానికి అపార్ట్‌మెంటు కట్టగల స్థలం విలువ కట్టారనిపిస్తే, మీ లాయరుకు ఈ సంగతి గుర్తుచేయండి.

ఊళ్లో పంచాయతీ ఇంటి పన్ను కూడా మారిందా?

ఈ మార్పు పట్టణాలకే. పంచాయతీ చట్టంలో అద్దె విలువ గానీ మూలధన విలువ గానీ చూసి ఇంటి పన్ను వేసుకునే వీలు ముందునుంచీ ఉంది. మీ ఊరు మున్సిపాలిటీలో కలిసినప్పుడు మాత్రం కొలతలన్నీ కొత్తగా తీస్తారు. టేపు పట్టుకున్నవాళ్లు వచ్చిన రోజు ఇంట్లో ఉండండి.

నోటీసు ఇంకా మా తాతగారి పేరునే వస్తోంది. మేం కడితే ఇల్లు మా పేరున మారినట్టేనా?

మారదు. పన్ను రసీదు హక్కు పత్రం కాదు, ఎవరు కట్టినా మున్సిపాలిటీ తీసుకుంటుంది. పేరు మార్పుకు మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం లేదా పంపకం దస్తావేజు పెట్టి విడిగా దరఖాస్తు చేయాలి. అన్నదమ్ముల మధ్య పంపకం తేలలేదు కాబట్టి తాత పేరునే ఉండనిద్దాం అనుకునే ఇళ్లు మా వీధిలో మూడున్నాయి. కొలతలో తప్పుంటే దిద్దమని అడగడానికి ఆ మూడిళ్లలో ఏ ఒక్కరూ సంతకం పెట్టడానికి ముందుకు రారు, పెడితే ఇల్లు నీదనుకుంటున్నావా అని మిగతావాళ్లు లేస్తారని భయం.